వాసన లేదన్నాను

ఫిబ్రవరి 9

కుండీలు వరండాలోంచి వంటింటి కిటికీ దగ్గరికి మార్చాను. అక్కడ ఎండ మధ్యాహ్నం దాకా ఉంటుంది. వరసగా మరువం, దవనం, మాచిపత్రి, రోజ్‌మేరీ. జ్వరంలో పోయిన వాసన మళ్ళీ రావాలంటే రోజూ పొద్దున్నే అవే నాలుగు వాసనలు చూడాలని రేడియోలో డాక్టరమ్మ చెప్పింది. ఆకు నలిపి, ఆ వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలట.

గుర్తు చేసుకోవడానికేం, మరువం వాసన నాకు నా పేరు కన్నా బాగా గుర్తు. ఇవాళ కొంచెం వచ్చినట్టే ఉంది.

ఫిబ్రవరి 12

రాలేదు.

ఫిబ్రవరి 15

ఆయన్ని కట్టు మార్పించడానికి క్లినిక్కి తీసుకెళ్ళాను. బస్సు డిపోలో ఇచ్చిన కొత్త బూటు కరిచిన చోట, కుడికాలి బొటనవేలి కింద, పుండు ఇంకా మానలేదు. షుగరున్న వాళ్ళకు అంతేనట. బస్సు నడిపే మనిషి కదా, సెలవు మీద ఇంట్లో కూర్చోవడం ఆయనకు పుండు కన్నా పెద్ద రోగం. కిటికీలోంచి వచ్చే పోయే బస్సుల్ని చూసి డ్రైవర్లను తిట్టుకుంటున్నారు.

నర్సు కట్టు కట్టి, ఆయన్ని వదిలేసి నాతో మాట్లాడింది. "చూడండమ్మా, ఈయన కాల్లో స్పర్శ లేదు. నొప్పి పుట్టాక చూద్దాంలే అని కూర్చుంటే కుదరదు. ఇంట్లో రోజూ కట్టు మార్చండి. వాపు చూడండి, ఎరుపు చూడండి. అన్నిటికన్నా ముఖ్యం వాసన. కట్టు విప్పగానే వాసన కొట్టిందా, తెల్లారే దాకా కూడా ఆగొద్దు. తీసుకొచ్చేయండి."

ఆయన పెద్దగా నవ్వారు. "వాసన సంగతి మాకొదిలేయండి సిస్టర్. మా ఆవిడ సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేసింది, అది మూతపడేదాకా. ఈవిడ ఊఁ అంటేనే సబ్బు గేటు దాటేది. దారిలో నేనేం తిన్నానో మెట్లెక్కుతుండగానే చెప్పేస్తుంది."

"అయితే ఇంకేం, ఇంట్లోనే డాక్టరుంది," అంది నర్సు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచి, కట్టు గుడ్డ ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగాను.

ఫిబ్రవరి 16

ఎందుకు చెప్పలేదో ఇక్కడ రాసుకుంటే తప్పులేదు.

పెళ్ళైన కొత్తలో పక్కింటి పొయ్యి మీద పాలు మాడుతున్నాయని నేను మా గోడ ఇవతలి నుంచి చెప్పాను. ఆ రోజు నుంచీ ఆయన నన్ను ముక్కు అనే పిలుస్తున్నారు. నా అసలు పేరుతో పిలిచారంటే కోపంగా ఉన్నట్టు. డిపోలో అందరికీ నేను ముక్కునే. ఫ్యాక్టరీ పోయింది, జీతం పోయింది, జుట్టు తెల్లబడింది, ఆ పిలుపు మాత్రం పోలేదు. పైగా కొవ్వొత్తుల దుకాణం ఆవిడ నా దగ్గర ధూపం కట్టలు కొనేది కూడా ఆ పేరు చూసే.

నాలుగు నెలల నుంచి నా ముక్కు ముక్కుపుడకకి తప్ప దేనికీ పనికిరావడం లేదని ఎవరికి చెప్పుకోను? ఎలాగూ తిరిగి వస్తుంది. వచ్చాక నవ్వుకుంటూ చెబుతాను.

ఫిబ్రవరి 21

ధూపం కట్టలకి కొమ్మలు కోశాను. పూత రాకముందే, మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయాలి. కోశాక నీడలో వాడనిచ్చి, పచ్చివాసన తగ్గాక కట్టాలి. జానెడు పొడవు, గుప్పిటకు సరిపడా లావు. నూలుదారం అడుగు నుంచి కొసకు, కొస నుంచి మళ్ళీ అడుగుకు మెలికలుగా చుట్టి, తలకిందులుగా గాలిలో వేలాడదీయాలి. నైలాను దారమైతే కాలినప్పుడు కంపు. కొస వెలిగించి మంట ఊదేస్తే లోపల నిప్పు మెల్లగా పాకుతూ పొగ వస్తుంది. ఇల్లు మారినవాళ్ళు, మొగుణ్ణి వదిలించుకున్నవాళ్ళు ఎక్కువగా కొంటారట. పాత గాలి పోవాలని కాబోలు.

పచ్చివాసన ఎప్పుడు తగ్గిందో ఒకప్పుడు గది గుమ్మంలోంచే తెలిసేది. ఇప్పుడు వేళ్ళతో పట్టుకు చూసి, తేలిగ్గా ఉంటే కట్టేస్తున్నాను. నా కట్టలు ఎప్పుడూ ఇంత బిగువుగా, ఇంత నీటుగా రాలేదు.

కళ్ళు మూసుకుని నాలుగు ఆకులూ కలిపేసి పరీక్ష పెట్టుకున్నాను. రోజ్‌మేరీ చెప్పగలిగాను. దాని ఆకు సూదిలా ఉంటుంది కాబట్టి వేలికి తెలిసిపోయిందనుకో. అయినా వాసన కూడా తగిలింది.

ఫిబ్రవరి 24

కట్టు మార్చాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, "ఏం ముక్కూ, వాసనేమైనా?" అన్నారు.

లేదు అన్నాను.

నిజమే కదా. నాకు రాలేదు.

ఫిబ్రవరి 25

లేదు అన్నాను.

ఫిబ్రవరి 26

లేదు అన్నాను. పుండు చుట్టూ గులాబీరంగు చర్మం వస్తోంది. కళ్ళు బాగానే ఉన్నాయి కదా నాకు. కళ్ళున్నవాళ్ళకి ముక్కెందుకు?

మార్చి 2

ఇవాళ క్లినిక్కి వెళ్ళాల్సిన రోజు. చొక్కా వేసుకున్నవారు మళ్ళీ విప్పేశారు.

"ఎందుకు వెళ్ళడం? వాసన లేదు కదా?"

"లేదు."

"మరి? వెళ్తే వాళ్ళు ఊరుకోరు. కత్తి చేతిలో ఉన్నవాడికి అన్నీ కోయాల్సినవే. అన్నయ్యని చూశాం కదా."

బావగారి సంగతి తలుచుకుంటే నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. మొదట వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలు. కొలత తప్పిన గుడ్డని కత్తిరించుకుంటూ పోయినట్టు. ఆ మూడోసారికి ఆయన మా వారి చెయ్యి పట్టుకుని, ఎవరైనా నాతో ఒక్క అబద్ధం చెప్పండిరా, బాగైపోతుందని చెప్పండిరా అని ఏడ్చారు. ఎవరమూ చెప్పలేదు. అందరం నేల చూపులు చూశాం.

వచ్చే వారం వెళ్దాం అన్నాను. సరే అన్నారు.

మార్చి 6

ఆయనకు నా పొగ నచ్చడం మొదలైంది! ఇన్నాళ్ళూ ఇది ఇల్లా, ఇటుకల బట్టీనా అని దగ్గేవారు. ఇవాళ తనే, "దవనంది ఒకటి వెలిగించు ముక్కూ, బాగుంటుంది" అన్నారు. వెలిగించి ఆయన మంచం పక్కనే పళ్ళెంలో పెట్టాను. అది ఆరిపోయాక మళ్ళీ ఇంకొకటి అడిగారు. మనిషికి విలువ తెలియాలంటే ఇంట్లో కూలబడాలి మరి.

కట్టు మార్చాను. లేదు అన్నాను.

మార్చి 8

మళ్ళీ రెండు వెలిగించమన్నారు. అమ్మకానికి పెట్టినవి తీసి వెలిగించాను. కట్టు మార్చాను. పుండు అంచున చిన్న నల్ల మచ్చ ఉంది. మందు మరక అయి ఉంటుంది.

మార్చి 9

క్లినిక్కి వెళ్ళలేదు. వాన.

మార్చి 11

గడ్డం గీసుకుని, సీసాలో ఉన్న సెంటు కాస్త చెంపలకి, మిగతాదంతా దుప్పటికి పూసుకున్నారు. ఈ వయసులో సోకులా అన్నాను. "కాలు బాగా లేకపోతేనేం, మనిషిని బాగానే ఉన్నాగా" అన్నారు. ఎంత కాలానికి నవ్వుకున్నామో. మంచం కూడా కిటికీవైపుకి జరిపించుకున్నారు, గాలి బాగా తగులుతుందని. ఈ వానగాలిలో కిటికీ తెరుచుకుని పడుకోవడమేమిటో.

రాత్రి ఆయనకి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది. అందుకే, గాలికి.

లేదు అన్నాను.

మార్చి 14

దుకాణం ఆవిడ బుట్టతో వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, బుట్ట నా కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఏమనుకోకండి అక్కా. ఇవన్నీ వెనక్కొచ్చినవి. పైకి ముద్దొస్తున్నాయి. వెలిగిస్తే తడిగుడ్డ మురిగిన కంపు. ఒకావిడ కొత్తింట్లో వెలిగించి వాంతి చేసుకుందట. మీరు వాసన చూడకుండా పంపరే! ఈసారి ఎవరిచేతైనా కట్టించారా?"

"మా చుట్టాలమ్మాయి కట్టింది," అన్నాను. ఏ చుట్టాలమ్మాయో ఆ దేవుడికే తెలియాలి.

"చెప్పండి ఆ అమ్మాయికి. ఇంట్లో కూడా ఏదో..." అని ఆగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మీకు తెలియనిదేముందిలెండి" అని వెళ్ళిపోయింది.

ఒక కట్ట కత్తితో నిలువునా కోశాను. పైన ఆకు గలగలలాడుతోంది. లోపల నడిమధ్యన నల్లగా, బూజు పట్టి, జిగటగా ఉంది. తడి ఆరకుండానే బిగించేశాను. దాన్ని ముక్కుకి ఆనించాను. మళ్ళీ ఆనించాను. ముక్కు కొసకి జిగట అంటుకుంది, అంతే. ఏమీ లేదు. కొంచెం కూడా లేదు. ఫిబ్రవరిలో వచ్చిందనుకున్న ఆ రోజుల్లో కూడా లేదు.

సాయంత్రం కట్టు విప్పాను. పుండు నోరు దాదాపు మూసుకుంది. చుట్టూ పాదం ఉబ్బి, చర్మం మెరుస్తోంది. వేలితో నొక్కితే లోపల మెత్తగా ఉంది.

"ఏం ముక్కూ, వాసనేమైనా?"

ఆయన గోడవైపు చూస్తున్నారు. చెప్పాలనే అనుకున్నాను. ముక్కు పోయిందండీ, నన్ను నమ్ముకోకండి, పదండి వెళ్దాం, అనాలి. ఇంతే మాట.

లేదు అన్నాను.

మార్చి 15

రేపు చెబుతాను. చెబితే ఏమవుతుంది? తిడతారు. తిట్టనీ.

మార్చి 16

డిపో మేనేజరు ఫోన్ చేశాడు. వచ్చే నెల మొదట్లో డ్యూటీకి రావచ్చునట, చిన్న రూటు ఇస్తాడట. ఈయన ఫోన్ పెట్టేసి పిల్లాడిలా మంచం మీదే కూర్చుని గేర్లు మార్చారు. ఇలాంటి రోజున ఎలా చెప్పను?

ఆయన పాదానికి నొప్పి తెలియదు. నా ముక్కుకి వాసన తెలియదు. ఇద్దరం కలిసి ఆ పుండుకి కాపలా కాస్తున్నాం.

ఈ మాట ఆయనకి చెప్పాల్సింది, ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 18

జ్వరం. జలుబు వల్లేనన్నారు. అన్నం సయించలేదు. కిటికీ మూస్తానంటే వద్దన్నారు. మూడు కట్టలు వెలిగించమన్నారు. పొగలో ఇద్దరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి.

లేదు అన్నాను.

మార్చి 19

ఆయన అడగలేదు. నేనే లేదండీ అన్నాను.

మార్చి 20

ఆడపడుచు పొద్దున రైలు దిగి నేరుగా వచ్చింది. ఈయన ఫోన్లో ఏదో తికమకగా మాట్లాడుతున్నారని భయమేసిందట. తలుపు తీశాను. సంచి చేతిలో పట్టుకుని ఒక్క అడుగు లోపల పెట్టింది, అంతే, వెనక్కి తగ్గి మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుంది.

"వదినా, ఏంటిది? ఇంట్లో ఏదైనా చచ్చిందా?"

"ధూపం," అన్నాను.

"ధూపం కాదు వదినా! మగ్గి కారిపోయిన పండులాగా తియ్యగా, దానడుగున మాంసం కుళ్ళిన కంపు. నీకు తెలీట్లేదా? నీకు!"

నన్ను తోసుకుని గదిలోకి వెళ్ళింది. ఆయన దుప్పటి గట్టిగా పట్టుకున్నారు. అన్నా, వదులు, చూడనీ అని బతిమాలింది. చివరికి లాగేసింది. మడమ నుంచి పైకి నీలంగా గీత పాకి ఉంది. నిన్న లేదది. నిన్న పొగలో నాకు కనబడలేదు.

ఆంబులెన్సు వచ్చేదాకా ఆడపడుచు అన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పళ్ళెంలో నుసి ఎత్తిపోశాను. ఎందుకు ఎత్తిపోశానో తెలియదు. చేతికి పని కావాలి.

మార్చి 21

రక్తంలోకి పాకిందట. తొడ దాకా తీసేయాలి, తీసినా పూచీ లేదు అన్నాడు డాక్టరు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే వేలితో పోయేది అన్నాడు. అతను కోపంగా కూడా అనలేదు. రోజూ అనే మాటలా అన్నాడు.

ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళే ముందు ఆయన తెలివిలోకి వచ్చారు. ఆడపడుచుని బయటికి పంపి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ముక్కూ, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"వాసన. కాలు నాది కదా, నాకు తెలీదా? నిన్న మొన్నటి నుంచి కాదు, ఎప్పుడో మొదలైంది. అందుకే పొగ పెట్టమనేవాణ్ణి. నీకు బాధ తగ్గుతుందని. సెంటు పూసుకున్నదీ అందుకే."

ఆయన మీది దుప్పటి అంచు సర్దాను.

"రోజూ అడిగేవాణ్ణి. నువ్వు అవునంటే బయల్దేరేవాణ్ణి, ఒట్టు. కానీ నువ్వు నా భయం చూసి, లేదనేదానివి. అంత ముక్కున్నదానివి, ఆ కంపు పక్కనే అన్నం తిన్నావు, పడుకున్నావు. ఒక్క రోజు మొహం చిట్లించలేదు. అన్నయ్యకి అలాంటి మనిషి ఒక్కరూ దొరకలేదు. నాకు దొరికింది."

నా చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకున్నారు. పెళ్ళినాడు కూడా అలా చెయ్యలేదు.

చెప్పడానికి అప్పటికీ సమయం ఉంది. స్ట్రెచరు ఇంకా కదల్లేదు. చెబితే ఆయనకు మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుందని ఊరుకున్నాను.

అది కూడా నిజం కాదు. పోయేది నాకు మిగిలినది. ఆయన నన్ను అలా చూడడం పోతుందని ఊరుకున్నాను. కాలు పోతోంది, ప్రాణం పోతోంది, నేను ఆ చూపు దాచుకున్నాను. ఛీ.

మార్చి 23

కళ్ళు తెరవలేదు. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. అటు చూడలేక మొహమే చూస్తూ కూర్చున్నాను.

మార్చి 24

పోయారు.

మార్చి 30

డిపో నుంచి అందరూ వచ్చారు. ఆయన సీటు కింద ఉన్న వస్తువులు తెచ్చి ఇచ్చారు. కళ్ళద్దాలు, తువ్వాలు, అరిగిపోయిన పాత బూట్లు. ఆ పాత బూట్లే వేసుకుని ఉంటే. ఒకతను, "మా అన్న ఎప్పుడూ మీ ముక్కు గురించే చెప్పేవాడమ్మా" అన్నాడు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాను.

ఏప్రిల్ 2

కుండీలు పీకేద్దామని వెళ్ళాను. చెయ్యి రాలేదు. నీళ్ళు పోశాను.

ఏప్రిల్ 4

ఆడపడుచు ఇవాళ వెళ్ళిపోయింది. సంచి సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఇన్ని రోజులుగా ఈ ప్రశ్న దాని నోట్లో నలుగుతూనే ఉంది, నాకు తెలుసు.

"వదినా, ఒక్క మాట చెప్పు. నాకు నిద్ర పట్టట్లేదు. నీకు వాసన తెలియలేదా? తెలిసే ఊరుకున్నావా?"

కిటికీ తెరిచే ఉంది. కింద బస్సు ఆగి కదిలింది.

"తెలుసు," అన్నాను. "మొదటి నుంచీ తెలుసు. మీ అన్నయ్య భయం చూడలేక లేదన్నాను."

"నీ చేతులారా చంపుకున్నావు కదా వదినా," అంది. అరవలేదు. కొట్టి ఉంటే బాగుండేది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కదు.

తొక్కకపోనీ. ప్రేమ ఎక్కువై తప్పు చేసింది అనుకుంటుంది. నలుగురితోనూ అలాగే చెబుతుంది. నలుగురూ నన్ను తిడతారు, తిట్టి, కళ్ళు తుడుచుకుంటారు. అది నేను మోయగలను.

ఏప్రిల్ 5

ఈ పుస్తకంలో ముందు పేజీల్లో రాసినవి ఆయన కంట పడతాయేమోనని రాసినవి. చదివి, తన కాలి కంపు నాకు తెలుస్తోందని బెంగ పెట్టుకోకూడదని, నా ముక్కు పోయిందని రాశాను. రేడియో, డాక్టరమ్మ, పరీక్షలు, అన్నీ అందుకే. ఇంకెవరైనా చదివితే ఇది తెలియాలి.

అసలు జరిగింది ఇది. మార్చి మొదట్లో ఒక సాయంత్రం కట్టు విప్పగానే నాకు తెలిసింది. మగ్గి కారిపోయిన పండులా తియ్యగా, దాని అడుగున మాంసం కుళ్ళిన కంపు. నా లాంటి ముక్కుకి తెలియకపోవడమేమిటి? ఇంకెవరైనా అయితే గది విడిచి పారిపోయేవారు. నేను మొహం చిట్లించలేదు. ఆయన గోడవైపు తిరిగి అడిగారు. నేను ఆయన కోసమే లేదన్నాను.

ఆయన కోసమే.